డయ్యర్స్ ఆర్మ్స్ గుమ్మం మీది పేరు

ఎనిడ్ బ్రాడ్‌బెంట్ పేరు డయ్యర్స్ ఆర్మ్స్ పబ్బు గుమ్మం మీద ఒక్క రోజు ఉంది. అదీ పూర్తి రోజు కాదు. పొద్దున బోర్డులు రాసే సెత్ హోల్రాయిడ్ నిచ్చెనెక్కి నల్ల పలక మీద బంగారు రంగుతో ఆ పేరు రాశాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అదే నిచ్చెనెక్కి అదే చేత్తో మూసేశాడు. రెండోసారి కింద నిలబడి చూసినవాడు ప్రోక్టర్, ఆ పబ్బు సొంతదారైన బీరు కంపెనీకి, అంటే బ్రూవరీకి, మేనేజరు. ఒంటిమీద ఒంటెరంగు కోటు, చేతిలో తోలు గ్లవ్స్. వాటిని తొడుక్కోడు, ఎదుటివాడితో మాట్లాడుతున్నంతసేపూ అరచేతిలో కొట్టుకుంటూ ఉంటాడు.

ఎనిడ్ తన మొగుడు హెరాల్డ్‌ని మట్టిలో పెట్టి వచ్చింది ఆ ముందురోజే.

కాల్డర్‌విక్‌లో లైసెన్సు ఎవరిదో వాళ్ళ పేరు పబ్బు గుమ్మం మీద ఉండాలన్నది చట్టం. చచ్చిపోయినవాడి పేరు కింద ఎవరూ తాగకూడదన్నది డై హౌస్ వీధి కట్టుబాటు. చట్టాన్నయినా అప్పుడప్పుడూ మరిచిపోతారేమోగాని ఆ వీధిలో కట్టుబాటును మరిచినవాడు లేడు. అందుకే పాతిపెట్టిన మర్నాడే పాత పేరు చెరిపి కొత్త పేరు రాస్తారు. అది ఆరాకే తలుపు తీస్తారు. మొదటి పైంట్ బీరు గ్లాసులో పోసి పోయినవాడి చోట పెడతారు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. లైసెన్సు మార్చవలసిన మేజిస్ట్రేట్ల సమావేశం ఇంకా జరగలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఎనిడ్ తాత పోతే తండ్రి పేరు రాశారు, తండ్రి పోతే అల్లుడి పేరు రాశారు, ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఈసారి పలక మీదికి ఎక్కింది ఆడపేరు.

"ఎవరు రాయమన్నారు?" అని అడిగాడు ప్రోక్టర్.

"నేనే," అంది ఎనిడ్ గుమ్మంలోంచి. నల్ల గౌను మీద ఏప్రన్ కట్టుకుని ఉంది. నేలమాళిగలోంచి అప్పుడే పైకి వచ్చింది, మోచేతుల దాకా తడి.

"లైసెన్సు మీ పేరు మీదికి మారిందా, మిసెస్ బ్రాడ్‌బెంట్?"

"మారుతుంది. నడుపుతూ ఉండమని మొన్న మీరే కదా అన్నారు?"

"నడపమన్నాను. మీదే అనలేదు. లేని లైసెన్సు ఉన్నట్టు పేరు రాయించుకోవడం నేరం, తెలుసా? పోలీసుదాకా నేను పోను, లెండి. అయినా వితంతువులకి పబ్బులివ్వడం మా కంపెనీ పద్ధతి కాదు. మీ మీద నాకేం కోపం లేదు."

"కోపం నాకుంది," అంది ఎనిడ్.

వీధిలో, గుడ్డలకి రంగులద్దే డై హౌస్ నుంచి పని దిగిన మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో అందరికంటే పెద్దవాడు ఎబ్బీ క్లెగ్. ఆ వారం రంగు తొట్టెల్లో నీలం నడుస్తోంది, అతని చేతులు మణికట్ల పైదాకా నీలం.

"ఒరే సెత్, నువ్వు దిగరా," అన్నాడు ఎబ్బీ. "ఆ కోటుబాబునే ఎక్కమను. కాలు జారితే నేను పట్టుకుంటాగా, ఇదిగో ఈ చేతుల్తోనే!"

అందరూ నవ్వారు. ప్రోక్టర్ తన కోటు వంక చూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బ్లోల్యాంప్ మంట పెట్టి ఆ రంగు చెక్కదాకా కాల్చెయ్," అన్నాడు సెత్‌తో.

"ల్యాంపులో నూనె లేదండీ," అన్నాడు సెత్. ల్యాంపు నిండా నూనె ఉంది. కుంచె ముంచి బంగారు అక్షరాల మీద నలుపు పూశాడు, అది ఆరాక మళ్ళీ పూశాడు. దాని మీద ప్రోక్టర్ చెప్పిన పేరు రాశాడు. లియొనార్డ్ బ్రాడ్‌బెంట్.

లియొనార్డ్ హెరాల్డ్‌కి తమ్ముడు. అతని పేరు మీదికీ లైసెన్సు ఇంకా మారలేదు, అయినా ఆ నేరం ప్రోక్టర్‌కి తట్టలేదు. బస్సు డిపోలో కిటికీ వెనక కూర్చుని టికెట్లు ఇచ్చేవాడు. బతుకులో ఎప్పుడూ ఒక పీపా దొర్లించి ఎరగడు. మర్నాటి నుంచి చలిమంట పక్కనున్న మంచి కుర్చీలో కూర్చున్నాడు, ఆ కుర్చీలోంచే ఊళ్ళో వాళ్ళకి చెయ్యూపాడు. పొద్దున్నే నేలమాళిగకి దిగింది మాత్రం ఎనిడే.

ఆ పబ్బు కథ గుమ్మం మీది పేర్లు చూసి రాస్తే మొదటినుంచీ చివరిదాకా అబద్ధమే అవుతుంది. మొదటి పేరు జేబెజ్ సగ్డెన్, ఎనిడ్ తాత. మరిగే రంగు తొట్టెలో పడి కాళ్ళు పోతే బ్రూవరీ వాళ్ళు పిలిచి ఈ పబ్బిచ్చారు. నిలబడలేని మనిషి పబ్బెలా నడుపుతాడని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అతనికి పెళ్ళాం ఉంది. రెండో పేరు ఏమస్ సగ్డెన్, ఎనిడ్ తండ్రి. ఊరి బ్యాండులో కార్నెట్ బాకా వాయించేవాడు, చాలా బాగా వాయించేవాడట, అందుకే వారంలో సగం రోజులు ఊళ్ళు తిరిగేవాడు. ఆయన వాయిస్తుంటే ఎనిడ్ తల్లి పీపాలకి కుళాయి కొట్టేది. మూడో పేరు హెరాల్డ్. మంచివాడు, యుద్ధంలోంచి సగం ఊపిరితో తిరిగొచ్చినవాడు. మెట్లెక్కితే ఆయాసం. ముగ్గురి పేర్లనీ సెత్ ఇంటివాళ్ళే రాశారు, మొదటి పేరు వాళ్ళ తాత, తర్వాతిది తండ్రి, హెరాల్డ్‌ది సెత్. బంగారం అయితే మగవాళ్ళ పేర్లకి పట్టింది, నడుములు విరిగినవాళ్ళు మాత్రం ఆడవాళ్ళు. ఊరు దీన్ని ఒక వింతగా కూడా అనుకోలేదు.

ఎనిడ్ కూడా చాలాకాలం అనుకోలేదు. పేరు పైకెక్కి దిగిన తర్వాతే అనుకోవడం మొదలుపెట్టింది.

సెత్, ఎనిడ్ ఒకే బడిలో చదివారు. ఎనిడ్ ఎలా మారిందో అతను బార్‌కి ఇవతలి వైపునుంచి చూశాడు. పైంట్ పోసేటప్పుడు ఇదివరకు మాట్లాడుతూ పోసేది, ఇప్పుడు పళ్ళు బిగించి పోసేది. బీరు మాత్రం ఎప్పుడూ చెడలేదు. పైపులు తనే కడిగేది. పీపాని రెండు పూటలు కదపకుండా ఉంచి మడ్డి దిగాకే తెరిచేది. ప్రోక్టర్ తనిఖీకి వచ్చి, గ్లాసు దీపానికెత్తి చూసి, "లియొనార్డ్, నీ చెయ్యి మంచిదయ్యా!" అనేవాడు. లియొనార్డ్ కుర్చీలోంచి తలాడించేవాడు.

"ఆ చెయ్యి ఏది, లియొనార్డ్?" అనేవాడు ఎబ్బీ. "పైంట్ పట్టుకున్నదా, పేకముక్కలు పట్టుకున్నదా?"

అప్పుడు కూడా నవ్వేవాళ్ళు. నవ్వు ఎనిడ్‌కి ఎందుకూ పనికిరాలేదు.

గార్సైడ్ గొడవ జరిగింది ఆ రోజుల్లోనే. గార్సైడ్ డై హౌస్‌లో మేస్త్రీ. రాత్రి షిఫ్టులోకి పంజాబు నుంచి వచ్చినవాళ్ళని తీసుకుంటున్న కాలం అది. వాళ్ళలో గుర్‌బచన్ అనే అతను ఒక సాయంత్రం పనికెళ్ళేముందు డయ్యర్స్‌కి వచ్చాడు. అందరిలాగే నీలం చేతులతో బార్ దగ్గర నిలబడి, అందరిలాగే ఒక పైంట్ మైల్డ్ బీరు అడిగాడు. ఎనిడ్ పోసింది. గార్సైడ్ వెనకనుంచి వచ్చి, ఆ గ్లాసెత్తి అతని తలపాగా మీద కుమ్మరించాడు.

"మైల్డ్ అడిగావుగా," అన్నాడు. "చల్లగా ఉందా?"

గుర్‌బచన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎనిడ్ బార్ బల్ల చివరి పలక పైకెత్తి ఇవతలికి వచ్చింది. గుమ్మం దగ్గరికి నడిచి, తలుపు తెరిచి, ఒక చెయ్యి చట్రానికి ఆనించి నిలబడింది.

"గార్సైడ్, నీకు ఈ ఇంట్లో చోటు లేదు. బతికున్నంత కాలం."

కారణం చెప్పనక్కర్లేకుండా మనిషిని బయటికి పంపే హక్కు పబ్బు నడిపేవాళ్ళకి ఉంది. ఆ మాట ఒకసారి పడిందంటే ఊళ్ళో ఎవరూ దాన్ని కాదనరు. అలా పంపించబడ్డ మనిషి ఆ పబ్బు ఎదుటి వీధిలోంచి నడవడానికి కూడా సిగ్గుపడేవాడు. గార్సైడ్ మొహం ఎర్రబడింది. కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎనిడ్ ఇంకో పైంట్ పోసి గుర్‌బచన్ ముందు పెట్టింది. ఆ కాసేపు ఆమె పేరు లేకుండా పనిచేసిన తన తల్లిలా కాక మరో మనిషిలా కనిపించిందని సెత్‌కి తర్వాత కూడా గుర్తుంది.

మర్నాడు సాయంత్రం గార్సైడ్ చలిమంట దగ్గర లియొనార్డ్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఎవరు రానిచ్చారు?" అంది ఎనిడ్.

"నేను," అన్నాడు లియొనార్డ్. "చూడు వదినా, ఈయన మేస్త్రీ. ఈయన మాట మీద మనకి ముప్పాతిక మంది వస్తారు. ఏదో తాగి చేసిన పని. పోనీ."

"నేను పంపించాను."

"పంపించావు. బయట పైకి చూశావా ఎవరి పేరుందో? చూసొచ్చి మాట్లాడు."

గార్సైడ్ ఖాళీ గ్లాసు ఆమెకేసి చాపాడు. "పాపం, మీ వదినని అనకు లియొనార్డ్. ఇంకో పైంట్ పొయ్యమ్మా, చెయ్యి మంచిదట."

ఎనిడ్ పోసింది. ఆమె పొయ్యడం సెత్ చూశాడు. గుర్‌బచన్ ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేదు. ఎబ్బీ క్లెగ్, రోజూ వచ్చేవాళ్ళందరికీ ఉన్నట్టే పైన కొక్కేనికి వేలాడే తన సొంత తగరపు ముంతని దింపించుకోకుండా ఆ సాయంత్రం మామూలు గ్లాసులో తాగాడు. అతని దగ్గరున్న నిరసన అంతే.

ఆ తర్వాత ఊరిచుట్టూ రోడ్డు వెయ్యాలన్న పథకం వచ్చింది. కౌన్సిల్ కార్యాలయం గోడకి పటం తగిలించారు. దాని మీద ఎర్రగీత డై హౌస్ వీధిని నిలువునా కోసుకుంటూ పోయింది. గీత ఎవరు గీశారంటే ఎవరూ గీయలేదట, లెక్కలు గీశాయట. బ్రూవరీకి ఆ పాత ఇల్లు వదిలించుకోవాలని ముందునుంచీ ఉంది. గుట్ట మీద కట్టే కొత్త కాలనీలో కార్పెట్లు పరిచిన పబ్బు కట్టిస్తామని, అది నీదేనని ప్రోక్టర్ లియొనార్డ్‌కి చెప్పాడు. దాంతో లియొనార్డ్ నోరు మూతపడింది.

టౌన్ హాల్లో విచారణ పెట్టారు. లండన్ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఎనిడ్ హెరాల్డ్‌ని సాగనంపిన రోజు పెట్టుకున్న టోపీయే పెట్టుకుని వెళ్ళింది. సెత్, ఎబ్బీ ఆమె వెనక వరసలో కూర్చున్నారు. ఆమె లేచి నిలబడింది.

"మీరు ఏ హోదాలో మాట్లాడుతున్నారమ్మా?" అన్నాడు అధికారి, మర్యాదగానే.

"హోదా ఏమిటండీ? ఆ ఇంట్లో పుట్టాను. బార్ వెనక మెట్టు పట్టుకుని నడక నేర్చాను. నిన్న పొద్దున కూడా..."

"అర్థమైంది. ఆ స్థలం మీ సొంతమా?"

"కాదు. బ్రూవరీది."

"అద్దెదారు మీరేనా? లైసెన్సు మీదా?"

ఎనిడ్ పక్కకి చూసింది. లియొనార్డ్ తన టోపీ అంచు సరిచేసుకుంటున్నాడు.

"లైసెన్సు ఆయనది. పని నాది."

"అయితే అభ్యంతరం ఆయన చెప్పాలి. హక్కున్నవాళ్ళని ముందు వింటాను. మిగతావాళ్ళని చివర్లో, సమయం ఉంటే."

"కూర్చో వదినా, నవ్వులపాలు చెయ్యకు," అన్నాడు లియొనార్డ్ పళ్ళ మధ్యనుంచి.

"నవ్వేవాణ్ణి చూపించు," అంది ఎనిడ్. ఎవరూ నవ్వడం లేదు.

చివరిదాకా ఆమె అలా నిలబడే ఉంది. చివర్లో సమయం లేకపోయింది. అధికారికి రైలుంది.

కూల్చేరోజు పొద్దున్నే సెత్ నిచ్చెన, కుంచె, బంగారు రంగు డబ్బా పట్టుకుని వెళ్ళాడు. ఎనిడ్ స్టూలెక్కి కొక్కేలనుంచి ముంతలు దింపుతోంది. బతికున్నవాళ్ళవి బార్ మీద పెడుతోంది. పోయినవాళ్ళవి వాళ్ళ పెళ్ళాలకి ఇవ్వడానికి పాత పేపర్లలో చుడుతోంది. పీపాలు లేవు. పైపులు కోసేశారు. గోడ మీద గడియారం ఉన్న చోట తెల్లటి గుండ్రటి మచ్చ మిగిలింది.

"నిన్నటితో లియొనార్డ్ లైసెన్సు అయిపోయింది," అన్నాడు సెత్. "ఇప్పుడా పలక ఎవరిదీ కాదు. రాసేస్తాను, ఎనిడ్. క్రేను వచ్చేదాకా ఉంటుంది. ఇంటి మీద ఆఖరి పేరు నీదవుతుంది."

ఎనిడ్ స్టూలు మీదే ఆగిపోయింది.

"ఇప్పుడా?"

"ఇప్పుడు ఎవరూ అడ్డం రారు."

"అడ్డం రారు! ఎందుకొస్తారు? బీరు లేదు, బల్లలు లేవు, తాగేవాడు లేడు. ఇన్నాళ్ళూ నోరు కుట్టేసి, ఇల్లు పాడె ఎక్కాక నన్ను యజమానురాల్ని చేస్తావా? శవానికి కుంకుమ పెట్టినట్టు? పట్టుకెళ్ళు ఆ డబ్బా."

సెత్ అప్పుడు చెప్పబోయాడు. కొత్తగా రాయనక్కర్లేదని, నలుపు కింద ఆమె పేరు ఉందని. నోరు తెరిచాడు కూడా. అంతలో ఎబ్బీ క్లెగ్ తన ముంత కోసం లోపలికి వచ్చాడు. ముంతని రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. ఎనిడ్ ముక్కు తుడుచుకోమని తన ఏప్రన్ కొస అందించింది. సెత్ మాట లోపలే ఉండిపోయింది.

గోడలు మధ్యాహ్నానికి పోయాయి. సెత్ కూల్చేవాళ్ళని అడిగి పలక తెచ్చుకున్నాడు. తన షెడ్డులో బల్ల మీద పెట్టుకుని, చలికాలమంతా చిన్న కత్తితో పై పొరలు గీకాడు. లియొనార్డ్ పేరు పెళుసుగా ఊడిపోయింది. నలుపు మాత్రం కష్టపెట్టింది. దాని కిందనుంచి ఒక్కొక్క అక్షరమే వచ్చింది. పూర్తి బంగారం కాదు, అక్కడక్కడా కొరికేసినట్టు, కానీ చదవచ్చు. ఎనిడ్ బ్రాడ్‌బెంట్. ఆమె దాన్ని చూసి ఏడుస్తుందని, టీ పెడుతుందని, ఆ ఇంటి గురించి ఇద్దరూ మొదటిసారి మాట్లాడుకుంటారని అనుకున్నాడు. పలకని దుప్పట్లో చుట్టి, సుత్తీ మేకులూ సంచిలో వేసుకుని వెళ్ళాడు.

ఆమెకి కౌన్సిల్ వాళ్ళు ఎత్తైన మేడలో పైఅంతస్తులో వాటా ఇచ్చారు. లిఫ్టు పని చెయ్యలేదు. తలుపు పక్కన కౌన్సిల్ అంటించిన పేరు చీటీ ఉంది. మిసెస్ హెచ్. బ్రాడ్‌బెంట్ అని. ఆ "హెచ్" హెరాల్డ్‌ది. దాన్ని ఎవరో గోటితో గీకేశారు. లోపల కిటికీలోంచి కొత్త రోడ్డు కనిపిస్తోంది. డయ్యర్స్ ఆర్మ్స్ ఉన్న చోటుకి రెండువైపులా కార్లు పోతున్నాయి, మధ్యలో చిన్న గడ్డిదిబ్బ మిగిలింది. ఆ దిబ్బ దగ్గరికి నడిచి వెళ్ళే దారి కూడా వదల్లేదు.

ఎనిడ్ పలక చూసింది.

"కొత్తగా రాశావా?"

"లేదు. ఆ రోజుదే. కాల్చలేదు, ఎనిడ్. ల్యాంపులో నూనె లేదని అబద్ధం చెప్పి పైన నలుపు పూశాను. నీ పేరు అక్కడే ఉంచాను."

"కాల్చలేదు."

"లేదు."

"అయితే గార్సైడ్‌ని గెంటిన రోజు ఇది పైనే ఉంది."

"ఉంది."

"పైకి చూసొచ్చి మాట్లాడమని వాడన్నప్పుడు."

సెత్ తలూపాడు.

"నువ్వు అక్కడే కూర్చున్నావు. నీకు తెలుసు."

"ఎండ ఏటవాలుగా పడితే నలుపు కింద అక్షరాల అంచులు కనిపించేవి. లోపలికి వచ్చేటప్పుడల్లా చూసేవాణ్ణి."

"చూసి?"

"సంతోషించేవాణ్ణి."

"సంతోషించేవాడివి," అంది ఎనిడ్. ఆమె గొంతు పెరగలేదు. "నా పేరు నా నెత్తి మీదే పెట్టి, దాన్ని చూసుకుని నువ్వు సంతోషించేవాడివి. నేను లోపల గార్సైడ్‌గాడికి పైంట్ పోసేదాన్ని. ఒక్క మాట చెప్పి ఉంటే నిచ్చెనేసుకుని గోళ్ళతో గీకి ఉండేదాన్ని కదరా! పోలీసుని పిలవమనేదాన్ని. ఊరంతటినీ పిలిచి చదవమనేదాన్ని. ఓడిపోయేదాన్నే. కానీ చదివించేదాన్ని."

సెత్ పలక చుట్టి తెచ్చిన దుప్పటి మడతపెట్టాడు.

"సుత్తి తెచ్చావా?" అంది ఎనిడ్.

"తెచ్చాను."

"బయట, తలుపు పైన కొట్టు."

సెత్ కుర్చీ లాక్కుని ఎక్కాడు. పలక ఆ తలుపు వెడల్పు కంటే పొడుగు, రెండు పక్కలా గోడ మీదికి వచ్చింది. మేకు దెబ్బలకి వసారా అంతా మోగింది. పక్కవాటా ఆమె తలుపు సందులోంచి తొంగిచూసి, "మిసెస్ బ్రాడ్‌బెంట్, గోడకి మేకులు కొడితే కౌన్సిల్ వాళ్ళు ఊరుకుంటారా?" అంది.

"రానీ," అంది ఎనిడ్.

సెత్ దిగి, కుర్చీ పట్టుకుని లోపలికి రాబోయాడు. ఎనిడ్ కుర్చీ అందుకుంది. గుమ్మంలో నిలబడి, ఒక చెయ్యి చట్రానికి ఆనించింది.

"తిన్నగా ఉందా?"

"ఉంది."

"ఎవరి పేరుంది?"

"నీదే, ఎనిడ్."

"నా మాట కొట్టేసేవాడు లోపల ఎవడైనా ఉన్నాడా?"

"లేడు."

"అయితే విను, సెత్ హోల్రాయిడ్. నీకు ఈ ఇంట్లో చోటు లేదు. బతికున్నంత కాలం. నీ సుత్తి తీసుకెళ్ళు."